మోడ్లు వేసిన ఆట ఎంత మెమరీ తింటుంది?



ప్రతి సంవత్సరం మన సంచికలో కవితలు, పొడుపు కథలు, ఆరోగ్య సూత్రాలు వస్తూనే ఉంటాయి. కంప్యూటర్ ఆటల గురించి రాస్తే వార్డెన్ సారు ఏమనుకుంటారోనని మొదట కొంచెం జంకాను. అయితే ఇది ఆట ఎలా ఆడాలో చెప్పే వ్యాసం కాదు. స్కాలర్‌షిప్ డబ్బులు ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో చెప్పే వ్యాసం అనుకోండి.

మొన్న మన హాస్టల్లోనే చదివి ఇప్పుడు పాలిటెక్నిక్ చేస్తున్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, స్కైరిమ్ ఆటకు మోడ్లు వేశాను. పది నిమిషాలు ఆడగానే ఆట మూసుకుపోతోంది. షాపులో అడిగితే ర్యామ్ చాలదు, ఇంకో 8 జీబీ వేయించుకో అన్నారు. స్కాలర్‌షిప్ డబ్బులు పడ్డాయి. వేయించమంటావా?" అన్నాడు. ఆ ప్రశ్న వినగానే నాకు నా సంగతే గుర్తుకు వచ్చింది. పన్నెండేళ్ళ క్రితం నేనూ సరిగ్గా అలాగే అడిగాను. కాకపోతే షాపులో మాత్రమే అడిగాను, ఇంకెవరినీ అడగలేదు.

నేను చేసిన పొరపాటు

2013లో డిగ్రీ చదివే రోజుల్లో నలుగురం గది స్నేహితులం కలిసి ఒక పాత కంప్యూటర్ కొన్నాం. అందులో 4 జీబీ ర్యామ్, 1 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 32 బిట్ విండోస్ 7 ఉన్నాయి. చందాలు వేసుకుని, డిస్కౌంటులో ఉన్నప్పుడు స్కైరిమ్ ఆట కూడా కొన్నాం. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో ఉన్న బెథెస్డా గేమ్ స్టూడియోస్ తయారు చేసిన ఆ ఆట 2011 నవంబరు 11న విడుదలైంది. దానికి కంపెనీ చెప్పిన కనీస మెమరీ 2 జీబీ, సిఫారసు చేసిన మెమరీ 4 జీబీ. మోడ్లు లేకుండా మా కంప్యూటర్లో ఆట బాగానే నడిచింది.

మోడ్ అంటే ఆటకు ఆడేవాళ్ళే చేసే మార్పు. ఎవరో ఒకరు మంచుకొండల బొమ్మలను మరింత అందంగా గీసి పెడతారు, ఇంకొకరు కొత్త ఊరు కడతారు, మరొకరు కొత్త ఆయుధాలు చేస్తారు. వాటిని దించుకుని మన ఆటలో కలుపుకోవచ్చు. అన్నీ ఉచితమే కాబట్టి మేము ఆగలేదు. నూటికి పైగా కలిపాం. ఆ తర్వాత ఆట ఒక్క ముక్క కూడా చెప్పకుండా డెస్క్‌టాప్‌కు పడిపోవడం మొదలైంది.

షాపతను ర్యామ్ వేస్తే సరిపోతుందన్నాడు. ఆ నెల ఇంటికి పంపవలసిన డబ్బులు ఆపి, స్కాలర్‌షిప్‌లోంచి రెండు వేల పైచిలుకు పెట్టి ఇంకో 4 జీబీ వేయించాను. ఇంటికొచ్చి కంప్యూటర్ ప్రాపర్టీస్ తెరిస్తే అందులో ఇలా ఉంది: మొత్తం మెమరీ 8 జీబీ, వాడుకోదగినది 3.25 జీబీ. కొన్న ర్యామ్‌లో ఒక్క ఎంబీ కూడా ఉపయోగపడలేదు. ఆట ఎప్పటిలాగే పడిపోయింది. ఎందుకలా జరిగిందో అప్పుడు నాకు తెలియదు. అది తెలుసుకోవడానికి ఆరు నెలలు పట్టింది.

రిజిస్టరులో గడులు చాలకపోతే

మన హాస్టల్ హాజరు రిజిస్టరునే తీసుకుందాం. అందులో నంబరు రాయడానికి రెండే గడులు ఉన్నాయనుకోండి. 00 నుండి 99 వరకు వంద మంది పేర్లే రాయగలం. పక్కన కొత్త బ్లాకు కట్టి, ఇంకో రెండు వందల మంచాలు వేసినా, రిజిస్టరు ప్రకారం హాస్టల్లో వంద మందే. మిగతా మంచాలు ఉన్నా లేనట్టే, ఎందుకంటే వాటికి నంబరు లేదు.

కంప్యూటర్ మెమరీ కూడా అంతే. మెమరీలో ప్రతి బైటుకు ఒక నంబరు ఉంటుంది. దానినే అడ్రస్ అంటారు. 32 బిట్ విధానంలో ఆ అడ్రస్ రాయడానికి 32 గడులు ఉంటాయి. ప్రతి గడిలో 0 గాని 1 గాని రాయవచ్చు. 2ను 32 సార్లు వేసి గుణిస్తే 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 వస్తుంది. అంటే సరిగ్గా 4 జీబీ. అంతకు మించి ఒక్క బైటుకు కూడా నంబరు ఇవ్వలేం. పైగా ఆ నంబర్లలో కొన్నింటిని గ్రాఫిక్స్ కార్డు వంటి పరికరాలు తీసుకుంటాయి. మా కంప్యూటర్లో మిగిలింది 3.25 జీబీ. నేను కొన్న 4 జీబీ ర్యామ్ ఆ రిజిస్టరులో నంబరు లేని మంచాల వంటిది.

ఇది మొదటి గోడ. రెండవ గోడ ఆటలోనే ఉంది. 32 బిట్ విండోస్ ఒక్కొక్క ప్రోగ్రాంకు ఆ 4 జీబీ అడ్రసుల్లో సగం, అంటే 2 జీబీ మాత్రమే ఇస్తుంది. మిగతా సగం తన కోసం ఉంచుకుంటుంది. కాబట్టి మా మోడ్ల స్కైరిమ్ 2 జీబీ దగ్గరకు రాగానే తలుపు మూసుకుంది.

సరే, 64 బిట్ విండోస్ వేద్దామని సీనియర్ ఒకరు సాయం చేశారు. అప్పుడు 8 జీబీ మొత్తం కనిపించింది. ఆట మునుపటికన్నా ఎక్కువ సేపు నడిచింది. అయినా మూడు జీబీ దాటి కొంత పైకి పోగానే మళ్ళీ పడిపోయింది. కారణం ఏమిటంటే, విండోస్ 64 బిట్ అయినా ఆ ఆట 32 బిట్ ప్రోగ్రామే. అటువంటి ప్రోగ్రాంకు 64 బిట్ విండోస్‌లో కూడా మామూలుగా 2 జీబీయే దక్కుతుంది. నేను పెద్ద అడ్రసులు అర్థం చేసుకోగలను అని ఆ ప్రోగ్రాం ఫైలులో ఒక గుర్తు ఉంటేనే 4 జీబీ దక్కుతుంది. స్కైరిమ్ విడుదలైనప్పుడు ఆ గుర్తు లేదు. ఆడేవాళ్ళే వేరే చిన్న ప్రోగ్రాంలతో ఆ పని చేసుకున్నారు. 2011 డిసెంబరులో వచ్చిన 1.3 ప్యాచ్‌తో కంపెనీయే ఆ గుర్తు పెట్టింది. అంతే, అక్కడితో ఆఖరు. 8 జీబీ వేసినా, 16 వేసినా, 64 వేసినా పాత స్కైరిమ్ ప్రోగ్రాం 4 జీబీ దాటి ఒక్క అడుగు వేయలేదు.

కాబట్టి షాపులో అడగవలసిన మొదటి ప్రశ్న "ఎంత ర్యామ్ వేయించాలి" అని కాదు. "ఈ ఆట 32 బిట్టా, 64 బిట్టా" అని. అది మీరే చూసుకోవచ్చు. ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిస్తే 32 బిట్ ప్రోగ్రాం పేరు పక్కన ఆ సంగతి రాసి ఉంటుంది.

మోడ్లు ఎక్కడ తింటాయి?

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. మోడ్లలో మెమరీని ఎక్కువగా తినేవి కొత్త కథలు, కొత్త మనుషులు కావు. గోడలకు, రాళ్ళకు, బట్టలకు అంటించే బొమ్మలు. వీటినే టెక్స్చర్లు అంటారు.

ఒక టెక్స్చర్ వెడల్పు 1024 చుక్కలు, ఎత్తు 1024 చుక్కలు అనుకుందాం. ఒక్కొక్క చుక్క రంగుకు 4 బైట్లు కావాలి. మొత్తం 4 ఎంబీ. ఆటల్లో దీన్ని కుదించి చుక్కకు ఒక బైటు చొప్పున పెట్టే పద్ధతి ఉంది కాబట్టి 1 ఎంబీ అనుకుందాం. ఇప్పుడు దీన్ని రెట్టింపు చేసి 2048 చుక్కలది వేశాం. మెమరీ రెట్టింపు అవుతుందా? కాదు. వెడల్పూ రెట్టింపే, ఎత్తూ రెట్టింపే. కాబట్టి నాలుగు రెట్లు, 4 ఎంబీ. అందరూ మోజుపడే 4కే టెక్స్చర్, అంటే 4096 చుక్కలది వేస్తే 16 ఎంబీ. దూరం నుండి చూసినప్పుడు వాడటానికి అదే బొమ్మ చిన్న చిన్న నకళ్ళు కూడా వెంట ఉంటాయి. వాటికి ఇంకో మూడో వంతు కలపాలి. మొత్తం 21 ఎంబీ పైన.

ఒక్కొక్క వస్తువుకు ఒక్క బొమ్మ సరిపోదు. రంగుకు ఒకటి, ఎగుడు దిగుడులు చూపడానికి ఒకటి, కనీసం రెండు ఉంటాయి. కళ్ళ ముందు ఒక సంతలో వంద రకాల వస్తువులు ఉన్నాయనుకుంటే రెండు వందల బొమ్మలు. 1024 చుక్కలవి అయితే సుమారు 267 ఎంబీ. 2048వి అయితే 1 జీబీ పైన. 4096వి అయితే 4 జీబీ పైన. చూశారా, ఆటలో ఇంకేమీ లేకుండా, ఒక్క బొమ్మలతోనే పాత స్కైరిమ్ గోడ దాటిపోయాం. మా గదిలో మేము చేసింది ఇదే. తిరగలికి, ఉల్లిగడ్డల బుట్టకు కూడా 4కే బొమ్మలు వేశాం. మా మానిటరు అడ్డంగా చూపించేదే 1366 చుక్కలు!

రెండవది, ఎంత దూరం వరకు లోకాన్ని లోపలికి తెచ్చుకోవాలి అన్నది. స్కైరిమ్ తన భూమిని చదరపు గళ్ళుగా విభజించుకుంది. మామూలుగా మన చుట్టూ 5 వరుసలు, 5 నిలువులు, మొత్తం 25 గళ్ళను పూర్తి వివరాలతో ఉంచుతుంది. సెట్టింగుల ఫైలులో ఆ 5ను 7 చేస్తే 49 గళ్ళు, 9 చేస్తే 81 గళ్ళు. అంకె చూస్తే చిన్నదే, బరువు మాత్రం మూడు రెట్లు దాటిపోయింది.

మూడవది మోడ్ల సంఖ్య. ఇక్కడ కూడా రిజిస్టరు గోలే. ప్రతి ప్లగిన్‌కు ఆట 8 బిట్ల నంబరు ఇస్తుంది. అంటే 256 నంబర్లు. ఆఖరు నంబరును ఆట తన కోసం ఉంచుకుంటుంది. అసలు ఆట ఫైళ్ళతో కలిపి 255కు మించి పట్టవు. ఇది మెమరీతో సంబంధం లేని వేరే హద్దు. ర్యామ్ సగం ఖాళీగా ఉన్నా 256వ ప్లగిన్ ఎక్కదు. ప్లగిన్ లేని టెక్స్చర్ మోడ్లు మాత్రం ఈ లెక్కలోకి రావు, అందుకే అవి కనబడకుండా పెరిగిపోతాయి.

బంతిలో చోటు లేనట్టు

ఇంకొక వింత ఉంది. మెమరీ 4 జీబీ దాకా నిండకముందే ఆట ఎందుకు పడిపోతుంది?

మన భోజనాల హాలు గుర్తు తెచ్చుకోండి. ఇక్కడ ఒక చోటు, అక్కడ రెండు చోట్లు చొప్పున మొత్తం ఇరవై చోట్లు ఖాళీ ఉన్నాయి. ఇంతలో పదవ తరగతి పిల్లలు పది మంది వచ్చి, మేమంతా ఒకే బంతిలో వరుసగా కూర్చోవాలి అన్నారు. ఖాళీలు ఇరవై ఉన్నా, వరుసగా పది లేవు. కూర్చోలేరు. మెమరీ కూడా ఆట నడిచిన కొద్దీ ఇలాగే ముక్కలు ముక్కలవుతుంది. పెద్ద బొమ్మకు వరుస అడ్రసులు కావాలి. అవి దొరకకపోతే ఖాళీ ఉన్నా లేనట్టే.

దీనికి తోడు పాత స్కైరిమ్‌కు సొంత బలహీనత ఒకటి ఉంది. అది మొదట 256 ఎంబీల బ్లాకు ఒకటి తీసి పెట్టుకుంటుంది. మోడ్ల వల్ల అది నిండి, అదనపు బ్లాకు కావలసి వచ్చినప్పుడు పడిపోయేది. ఈ సంగతి కనిపెట్టింది కంపెనీ కాదు, మోడ్లు చేసే ఔత్సాహికులు. ఆ మొదటి బ్లాకును 512 ఎంబీలకు పెంచే సవరణ చేసి, 2014లో స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ అనే ఉచిత ప్రోగ్రాంలో కలిపారు. అలాగే ఈఎన్‌బీ అనే మరో ఉచిత ప్రోగ్రాం, బొమ్మలను ఆట మెమరీలోంచి తీసి పక్కన వేరే ప్రోగ్రాంలలో దాచే ఉపాయం చేసింది. హాలు చాలనప్పుడు వరండాలో ఆకులు వేసినట్టన్నమాట. మా కంప్యూటరులో నేను కొన్న ర్యామ్‌కు మొదటిసారి పని దొరికింది అప్పుడే. అనవసరమైన 4కే బొమ్మలు తీసేసి, ఈ రెండూ పెట్టాక ఆట గంటల తరబడి నడిచింది. ఖర్చు సున్నా.

గోడ కూలిన తర్వాత

2016 అక్టోబరు 28న స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ వచ్చింది. ఇది 64 బిట్ ప్రోగ్రాం. ఇప్పటి 64 బిట్ విండోస్ ఒక్కొక్క ప్రోగ్రాంకు 128 టెరాబైట్ల అడ్రసులు ఇస్తుంది. అంటే నంబర్లకు కొరత తీరిపోయింది. కంపెనీ అడిగిన మెమరీ కూడా 8 జీబీకి పెరిగింది. తర్వాత తేలిక ప్లగిన్లు అనే పద్ధతి వచ్చి, ఒకే నంబరు కింద 4096 చిన్న ప్లగిన్లు పట్టే వీలు కలిగింది.

గోడ కూలింది కదా, ఇక ఎన్నయినా వేసుకోవచ్చా? ఇప్పుడు హద్దు మన పరికరానిది. బొమ్మలు ముఖ్యంగా ఉండవలసింది గ్రాఫిక్స్ కార్డు సొంత మెమరీలో. అది 4 జీబీ ఉండి, మన బొమ్మలు 8 జీబీ అయితే, మిగతావి ర్యామ్‌కూ కార్డుకూ మధ్య తిరుగుతుంటాయి. ఆట పడిపోదు గాని ఆగి ఆగి నడుస్తుంది. విడి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాపుల్లో బొమ్మలకు కూడా మామూలు ర్యామ్‌లోంచే చోటు ఇవ్వాలి. అటువంటి వాటిలో 8 జీబీ ఉన్నా ఆటకు 8 జీబీ దక్కదు. విండోస్ వాటా, బొమ్మల వాటా పోగా మిగిలిందే ఆటది.

మైన్‌క్రాఫ్ట్ ఆడే తమ్ముళ్ళకు ఒక మాట. ఆ ఆట అసలు రూపం జావా మీద నడుస్తుంది. జావా ప్రోగ్రాం తనకు ముందుగా చెప్పిన మెమరీనే వాడుకుంటుంది. లాంచరు చాలా ఏళ్ళు 2 జీబీయే ఇస్తూ వచ్చింది. మోడ్లు లేని ఆటకు అది చాలు. రెండు వందల మోడ్ల ప్యాకులు 6 నుండి 8 జీబీ అడగటం మామూలే. మన కంప్యూటర్లో 16 జీబీ ఉన్నా, లాంచరు సెట్టింగులో 2 అని ఉంటే 2 జీబీ దగ్గరే ఆట చచ్చిపోతుంది. అలాగని ఉన్నదంతా ఇచ్చేయకూడదు. జావా అప్పుడప్పుడు ఆగి చెత్త ఊడుస్తుంది. హాలు అనవసరంగా పెద్దదైతే మన కామాటి ఊడ్చే సమయమూ పెరుగుతుంది, అంతసేపూ ఆట బిగుసుకుపోతుంది. విండోస్‌కు చోటు మిగలకపోతే అది వేరే బాధ.

కొనే ముందు చూడవలసినవి

1. టాస్క్ మేనేజర్‌లో ఆట 32 బిట్టా, 64 బిట్టా చూడండి. 32 బిట్ అయితే 4 జీబీ దాటి అది వాడుకోలేదు.

2. పెర్ఫార్మెన్స్ పేజీలో మెమరీ నొక్కితే కమిటెడ్ అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది అన్ని ప్రోగ్రాములు కలిసి అడిగినది, రెండవది విండోస్ ఇవ్వగలిగినది. ఆట పడిపోయే ముందు మొదటి అంకె రెండవదాని దగ్గరకు వెళుతోందా గమనించండి.

3. అదే పేజీలో గ్రాఫిక్స్ కార్డు మెమరీ ఎంత నిండిందో చూడండి. అది నిండి ఉంటే ర్యామ్ వేయించినా ప్రయోజనం కొద్దే.

4. 4కే బొమ్మలు తీసి 2కే, 1కే వేసి మళ్ళీ ఆడి చూడండి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

ఇవన్నీ చూశాక కూడా ర్యామే చాలడం లేదని అంకెలు చెబితే, అప్పుడు కొనండి. ఆ ఖర్చు దండగ కాదు.

తమ్ముడి కంప్యూటరుకు ఏమైంది?

ఫోన్లో తమ్ముడి చేత ఇవే చూపించాను. అతని ఆట స్పెషల్ ఎడిషన్, 64 బిట్. కాబట్టి నాకు తగిలిన గోడ అతనికి లేదు. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్. కమిటెడ్ దగ్గర రెండవ అంకె 9 జీబీ కూడా లేదు. ఆట తెరిచి ఊళ్ళోకి వెళ్ళగానే మొదటి అంకె దాన్ని తాకింది, ఆట పడిపోయింది.

ఆ రెండవ అంకె అంత తక్కువ ఎందుకు ఉంది? ర్యామ్ చాలనప్పుడు వాడుకోవడానికి విండోస్ డిస్కులో పేజ్ ఫైలు అని కొంత చోటు ఉంచుకుంటుంది. మంచం కింద ట్రంకు పెట్టె ఉన్నట్టు. చేతికి వెంటనే అందదు గాని సామాను బయట పడేయనక్కరలేదు. ర్యామ్, పేజ్ ఫైలు కలిపితే వచ్చేదే ఆ అంకె. మన తమ్ముడు సి డ్రైవు నిండిపోయిందని, ఎవరో చెబితే, పేజ్ ఫైలును 1 జీబీకి తగ్గించేశాడు. ఆ సంగతే మరిచిపోయాడు. పాత సినిమాలు కొన్ని తీసేయించి, పేజ్ ఫైలును మళ్ళీ విండోస్‌కే వదిలేయించాను. 4కే ప్యాకు తీసేసి 1కే వేయించాను.

రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి "అన్నా, రాత్రి రెండు గంటలు ఆడాను, ఒక్కసారి కూడా పోలేదు" అన్నాడు. "రెండు గంటలా? రేపు నీకు పరీక్ష కదరా!" అన్నాను. నవ్వాడు. స్కాలర్‌షిప్‌లో కొంత సెమిస్టరు ఫీజుకు కట్టి, మిగిలింది ఇంటికి పంపానని చెప్పాడు.

పన్నెండేళ్ళ క్రితం ఆ నెల నేను ఇంటికి డబ్బు పంపనప్పుడు, మా అమ్మ కారణం అడగలేదు. పుస్తకాలు కొనుక్కున్నాననుకుంది. నేనూ కాదనలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాశాను. తెలియని వస్తువు కొనే ముందు తెలిసిన అన్నను ఒకరిని అడగండి. మన హాస్టల్లో చదివి కంప్యూటర్ల పనిలో ఉన్నవాళ్ళు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

ఈసారి వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఇంకా సందేహాలుంటే కూర్చుని మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు.

- మీ హాస్టల్ పూర్వ విద్యార్థి